ఓడరేవు కబుర్లు: దుబాయిలో ఆగిన విమానం

 పోయిన నెల ఆవకాయ జాడీల గురించి రాస్తే ఫోన్లమీద ఫోన్లు వచ్చాయి. ఒకాయన ఏకంగా జాడీ పట్టుకుని మా ఇంటికే వచ్చారు. ఈ నెల విషయం అంత రుచికరమైనది కాదు. అయినా రాయక తప్పని పరిస్థితి వచ్చింది. కాస్త ఓపికగా చదవమని ప్రార్థన.

మన సంఘంలో ఒక చిన్న తగాదా జరిగిన సంగతి మీకందరికీ తెలుసు. అధ్యక్షులవారు పెద్దమనసుతో దాన్ని మినిట్సులో ఎక్కించలేదు. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు ఎదురుకాల్పుల్లో పోయాడు. మా శ్రీకాకుళం జిల్లావాడే, వరంగల్లు రీజనల్ ఇంజనీరింగు కాలేజీలో చదివినవాడు. అదే ఏడాది అక్టోబరులో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో 60 మందితో కలిసి తుపాకులు అప్పగించాడు. నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా పోయాడు. ఆ రోజు సాయంత్రం మన వాట్సాప్ బృందంలో ఒక మిత్రుడు శవం ఫోటో పెట్టి, పక్కన బాణాసంచా బొమ్మలు అతికించారు. రెండు నిమిషాల్లో ఇంకొక మిత్రుడు ఎర్ర పిడికిలి బొమ్మ పెట్టారు. ఆ తరువాత జరిగిన సంభాషణ ఈ పత్రికలో రాసే భాష కాదు. ఇద్దరూ ఇంజనీర్లే, ఇద్దరూ మెట్రోలో పక్కపక్కన నిలబడి ఆఫీసుకు వెళ్ళేవాళ్ళే.

ఆ గొడవలో ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. ఒక చెల్లెమ్మ ఒక్క మాట కూడా రాయకుండా బృందంలోంచి వెళ్ళిపోయింది. సంక్రాంతి ముగ్గుల పోటీకి రాలేదు. ప్రతి ఏటా పిల్లల చేత పద్యాలు చెప్పించేది ఆమే. నేనూ మా ఆవిడా ఒక శుక్రవారం ఇంటికి వెళ్ళి అడిగాం. అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్నగారు కానిస్టేబులట. ఈమె ఆరో తరగతిలో ఉండగా మందుపాతర పేలి పోయారట. ఇన్నేళ్ళ పరిచయంలో మాకు తెలియని సంగతి.

“అన్నయ్యగారూ, మర్నాడు పేపర్లో ఏడుగురు పోలీసులు మృతి అని వేశారు. ఆ ఏడులో మా నాన్న ఎన్నోవాడో నాకు ఈనాటికీ తెలియదు” అన్నది. కాసేపాగి, “ఆ ఫోటో పెట్టినాయన నాలాంటి వాళ్ళ తరఫునే పెట్టాననుకుని ఉంటారు. కానీ నాకు ముందు తట్టింది, ఈ బొమ్మ అతని తల్లి ఫోనుకి కూడా చేరుతుంది కదా అని” అన్నది. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకేమనాలో తోచలేదు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలలేదు. అదే రోజుల్లో ఇంకొక కథ నా చెవిన పడింది. మనం రోజూ తిరిగే ఈ ఊరి కథే.

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో మా గోదాము పక్క షెడ్డులో ఒక జర్మన్ పెద్దాయన ఉండేవాడు. యంత్రాల విడిభాగాల వ్యాపారం. ఈ మధ్యనే రిటైరై వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం టీ వేళకు ఇద్దరం నీడపట్టున కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. మా దేశం వార్తలు చూసి ఒకరోజు ఆయన అన్నాడు: “మాకూ ఉండేది ఇలాంటి గుంపు. చిన్నప్పుడు పోస్టాఫీసుకు వెళితే గోడమీద వాళ్ళ ఫోటోల పోస్టరు ఉండేది. దొరికినవాళ్ళ మొహాలమీద ఇంటూ మార్కు పెట్టేవాళ్ళు. స్టాంపులు కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఈ వారం ఎన్ని ఇంటూలు పడ్డాయా అని లెక్కపెట్టేవాడిని. నాకది ఆటలా ఉండేది.” తరువాత అన్నాడు: “వాళ్ళ కథ ఒక మలుపు తిరిగింది మీ దుబాయి విమానాశ్రయంలోనే. తెలుసా?”

నాకు తెలియదు. మీలో ఎంతమందికి తెలుసో! అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతాను.

1977 అనగానే మన తెలుగువాళ్ళకు దివిసీమ ఉప్పెన గుర్తుకొస్తుంది. అది నవంబరు 19న. దానికి సుమారు నెల ముందు ఇక్కడ ఈ సంగతి జరిగింది. అప్పటికి జెబెల్ అలీ రేవు ఇంకా తవ్వుతూనే ఉన్నారు. ఎలిజబెత్ రాణి వచ్చి దాన్ని ప్రారంభించింది 1979లో. ఫ్రీ జోన్ పుట్టింది 1985లో. ఇప్పుడు మనం కంటైనర్లు లెక్కపెట్టుకునే చోట అప్పుడు ఇసుక, డ్రెడ్జర్లు తప్ప ఏమీ లేవన్నమాట.

అక్టోబరు 13న మయోర్కా ద్వీపం నుంచి ఫ్రాంక్‌ఫర్టుకు బయలుదేరిన లుఫ్తాన్సా బోయింగ్ 737 విమానాన్ని నలుగురు పాలస్తీనా హైజాకర్లు పట్టుకున్నారు. ఆ విమానం పేరు లాండ్స్‌హూట్. 86 మంది ప్రయాణికులు, అయిదుగురు సిబ్బంది. రోము, సైప్రసు, బహ్రెయిన్ తిరిగి 14వ తేదీ తెల్లవారుజామున దుబాయిలో దిగింది. జర్మనీ జైళ్ళలో ఉన్న ‘రెడ్ ఆర్మీ ఫాక్షన్’ ఖైదీలను, టర్కీలో ఉన్న ఇద్దరు పాలస్తీనా ఖైదీలను విడిచిపెట్టాలని, కోటీ యాభై లక్షల డాలర్లు ఇవ్వాలని వాళ్ళ కోరిక. అప్పటి రక్షణమంత్రి షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ స్వయంగా కంట్రోలు టవరులో కూర్చుని హైజాకర్లతో మాట్లాడారు. బాన్ నుంచి ఛాన్సలర్ ష్మిట్ తరఫున మంత్రి విష్నెవ్‌స్కీ దుబాయికి వచ్చాడు.

విమానంలో కరెంటు ఆగిపోయింది. ఏసీ లేదు. అక్టోబరు ఎండలో ఇనపడబ్బాలాంటి విమానంలో కూర్చోవడమంటే ఏమిటో ఇక్కడ కంటైనరులోకి దిగి సరుకు చూసుకున్నవాళ్ళకు చెప్పక్కరలేదు. ఆ నరకంలో ఒక వింత జరిగింది. ఎయిర్ హోస్టెస్ ఒకామె పుట్టినరోజని తెలిసి హైజాకర్ల నాయకుడు రేడియోలో కేకు తెప్పించమన్నాడు. దుబాయి విమానాశ్రయం నుంచి కేకు వెళ్ళింది. పొద్దున నెత్తిన పిస్తోలు పెట్టినవాడే సాయంత్రం కేకు కోయించాడు.

ఇక మన కథకు కావలసిన ముక్క ఇది. పైలట్ కెప్టెన్ యుర్గెన్ షూమన్ తెలివిగా, మాటల్లో దొరకకుండా, హైజాకర్లు ఎంతమందో, వాళ్ళలో ఆడవాళ్ళెందరో బయటికి సంకేతాలతో తెలియజేశాడు. ప్రాణంమీద ఆశ వదులుకుని చేసిన పని అది. ఆ కబురు బయట ఉన్నవాళ్ళకు చేరింది. వాళ్ళ నుంచి విలేఖరులకు చేరింది. అక్కడనుంచి వార్తల్లోకెక్కి, తిరిగి విమానంలోకే వచ్చింది. తమ సంగతి బయటపడిందని హైజాకర్లకు తెలిసిపోయింది. నాయకుడు షూమన్‌ను మోకాళ్ళమీద నిలబెట్టి చంపుతానని బెదిరించాడు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ఒకాయన చెప్పాడు, ఒకాయన రాసుకున్నాడు, ఒకాయన చదివాడు. అంతే.

16వ తేదీ మధ్యాహ్నం విమానం లేచి ఏడెన్ వెళ్ళింది. అక్కడ రన్‌వేకి అడ్డంగా బళ్ళు పెట్టడంతో పక్కనున్న ఇసుకలో దిగింది. చక్రాలు చూసివస్తానని కిందికి దిగిన షూమన్ తిరిగి వచ్చాక అతన్ని ప్రయాణికుల ఎదుటే కాల్చేశారు. కో-పైలట్ ఒక్కడే విమానాన్ని సోమాలియాలోని మొగదీషుకు తీసుకుపోయాడు. 18వ తేదీ అర్ధరాత్రి దాటగానే జర్మనీ కమెండోలు విమానంలోకి చొరబడి మిగిలిన బందీలందరినీ ప్రాణాలతో బయటికి తెచ్చారు. నలుగురు హైజాకర్లలో ముగ్గురు పోయారు.

ఆ తెల్లవారుజామున ష్టామ్‌హైమ్ జైలులో బాడర్, ఎన్‌స్లిన్, రాస్పె అనే ముగ్గురు నాయకులు చనిపోయారు. ఒక గదిలో దాచుకున్న చిన్న ట్రాన్సిస్టరులో మొగదీషు వార్త విని ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వం చెప్పింది. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు నమ్మలేదు. మర్నాడు, అంతకు ఆరు వారాల ముందు ఎత్తుకుపోయిన పారిశ్రామిక సంఘాల నాయకుడు ష్లాయర్ శవం ఫ్రాన్సులో ఒక కారు డిక్కీలో దొరికింది. అతన్ని ఎత్తుకుపోయిన రోజునే డ్రైవరునూ, ముగ్గురు పోలీసులనూ చంపారు. ష్లాయర్ పేరు ప్రపంచానికి తెలుసు. ఆ నలుగురి పేర్లు మా పక్క షెడ్డాయనకి కూడా తెలియవు.

ఈ గుంపు ఎలా పుట్టిందో చెప్పాలి కదా. 1967 జూన్ 2న పశ్చిమ బెర్లిన్‌లో ఇరాన్ షాకు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో బెన్నో ఓనెసోర్గ్ అనే విద్యార్థిని పోలీసొకడు కాల్చి చంపాడు. (ఆ పోలీసు తూర్పు జర్మనీ గూఢచారి అని 2009లో బయటపడింది! అప్పుడే తెలిసుంటే చరిత్ర ఏ దారి పట్టేదో.) మరుసటి ఏడాది విద్యార్థి నాయకుడు డుట్ష్కె మీద కాల్పులు జరిగాయి. ఆ కాల్చినవాడికి కోపం ఎక్కించింది ష్ప్రింగర్ కంపెనీ వారి ‘బిల్డ్’ పత్రికేనని విద్యార్థులు ఆ పత్రిక బళ్ళకు అడ్డం తిరిగారు. అంటే మొదటినుంచీ ఈ కథలో పేపరు కూడా ఒక పాత్ర.

ఇంకొక విశేషం. ఆ గుంపుకు పేరిచ్చిన ఇద్దరిలో ఒకామె, ఉల్రికె మైన్‌హోఫ్, పత్రికా రచయిత్రి. ‘కాంక్రెట్’ అనే పత్రికలో ప్రతి నెలా, ఇదిగో మీరిప్పుడు చదువుతున్నలాంటి కాలమే రాసేది. బాగా రాసేదిట. రాసీ రాసీ, రాత వల్ల ఏమీ జరగడంలేదన్న అసహనం పట్టుకుంది కాబోలు. 1970 మే 14న, పుస్తకం పని ఉందన్న నెపంతో జైలునుంచి బాడర్‌ను ఒక గ్రంథాలయానికి రప్పించి తప్పించారు. ఆ పనిలో తుపాకీ దెబ్బ తగిలి చావుబతుకుల్లో పడింది అక్కడ పనిచేసే ఒక ఉద్యోగికి. లోకాన్ని మార్చే మొదటి తూటా ఒక లైబ్రరీ గుమాస్తాకు తగిలిందన్నమాట. 1972లో ష్ప్రింగర్ వారి హాంబర్గు భవనంలో బాంబు పెట్టారు. గాయపడింది యజమాని కాదు, ప్రెస్సులో పనిచేసే జనం.

పత్రికలవాళ్ళు తక్కువ తిన్నారా? ‘బాడర్-మైన్‌హోఫ్ గ్రూపు’ అని రాస్తే నువ్వు వాళ్ళ సానుభూతిపరుడివి. ‘బాడర్-మైన్‌హోఫ్ ముఠా’ అని రాస్తే నువ్వు ప్రభుత్వం మనిషివి. ఒక్క మాటతో మనిషి రంగు తేల్చేవారు. ఒక బాంకు దోపిడీ జరిగితే, ఎవరు చేశారో ఇంకా తేలకముందే బిల్డ్ పత్రిక ఈ ముఠా హత్యలు చేస్తోందని శీర్షిక పెట్టింది. ఇది న్యాయం కాదు, విచారణ జరగనివ్వండి అని హైన్రిష్ బోల్ 1972 జనవరిలో వ్యాసం రాస్తే ఆయన్నే దుమ్మెత్తిపోశారు. ఆయన ఇల్లు పోలీసులు సోదా చేశారు. అదే ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది! ఒక అమాయకురాలి పరువును పత్రిక ఎలా తీస్తుందో ఆయన 1974లో నవలగా రాశాడు. దాన్ని సినిమాగా కూడా తీశారు.

ఇక ఆ గుంపు క్షీణించిన తీరు. తుపాకులకే ఓడిపోయారనుకుంటే పొరపాటు. 1972లోనే మొదటి తరం నాయకులంతా దొరికారు. రెండోతరం చేసిన పని చాలావరకు ఆ మొదటి తరాన్ని జైలునుంచి విడిపించే ప్రయత్నం. కార్మికుడన్నారు, వియత్నామన్నారు, చివరికి తమ ఖైదీలే తమ లక్ష్యమయ్యారు. జనం ఏనాడూ వెంట లేరు. కొందరు అలసిపోయి తూర్పు జర్మనీలో మారుపేర్లతో కాపురాలు పెట్టుకున్నారు. గోడ కూలాక 1990లో వాళ్ళలో పదిమంది దొరికిపోయారు. 1992లో మనుషుల్ని చంపడం ఆపుతామని ప్రకటించారు. 1998 ఏప్రిల్‌లో రాయిటర్ వార్తాసంస్థకు ఎనిమిది పేజీల ఉత్తరం చేరింది: మా కథ ముగిసింది, మేమిక చరిత్ర అని. పుట్టుకనుంచి వీలునామాదాకా పత్రికల ద్వారానే. ఆ ఉత్తరం చివర తమవైపు చనిపోయినవాళ్ళ పేర్లన్నీ వరసగా రాసుకున్నారు. తాము చంపిన ముప్ఫై పైచిలుకు మంది గురించి ఒక్క మాట లేదు. డ్రైవర్లు, కానిస్టేబుళ్ళు ఎవరికీ అందులో చోటు దొరకలేదు.

వాళ్ళకూ మనవాళ్ళకూ పోలికేమిటని కొందరు అడగవచ్చు. నిజమే, పోలిక కొంతదూరమే. వాళ్ళు పట్నం పిల్లలు, ఏ కాలంలోనూ కొన్ని పదులమంది. మా శ్రీకాకుళం ఏజెన్సీలో షావుకార్ల అప్పుకింద పోడుభూములు పోగొట్టుకున్న సవరలు, జాతాపులు వేలమంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను కాల్చి చంపాకే ఆ కొండలు అంటుకున్నాయి. నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. 1970 జూలైలో ఇద్దరూ పోయారు. తరువాత 1980లో పీపుల్స్‌వార్, 2004లో మావోయిస్టు పార్టీ. ఆ దారిలోనే 1990 అక్టోబరులో చర్లపల్లి దగ్గర ప్రయాణికుల రైలుపెట్టె తగలబడింది. నలభైమందికి పైగా మామూలు జనం కాలిపోయారు. 2004లో అడవినుంచి వచ్చినవాళ్ళను హైదరాబాదులో ప్రభుత్వ అతిథిగృహంలో పెట్టి చర్చలు జరిపితే, కెమెరాలు వాళ్ళ బూట్లనుంచి భోజనందాకా చూపించాయి. చర్చల్లో భూమి గురించి ఏం మాట్లాడారో చెప్పినవి తక్కువ. కొద్ది నెలల్లో అంతా మొదటికొచ్చింది.

పేర్ల తగాదా మనకూ ఉన్నదే. ‘అన్నలు’ అంటే ఒక పక్షం, ‘తీవ్రవాదులు’ అంటే ఇంకొక పక్షం. ‘ఎన్‌కౌంటర్’ అన్న ఇంగ్లీషు మాటను తెలుగుమాట చేసింది మన పేపర్లే. 1977లోనే, ష్టామ్‌హైమ్ చావుల మీద అక్కడ వాదాలు జరుగుతున్న ఏడాదే, మన రాష్ట్రంలో ఎమర్జెన్సీ నాటి ఎదురుకాల్పులు నిజమా కాదా తేల్చడానికి భార్గవ కమిషన్ వేశారు. సాక్షులు చెప్పడం మొదలయ్యాక విచారణ మూసిన తలుపుల వెనక జరగాలన్నారు. అది ముందుకు సాగలేదు. అక్కడా ఇక్కడా చనిపోయినవాడు ఎలా చనిపోయాడో ఇంటివాళ్ళు పేపరు చూసి తెలుసుకోవలసి వచ్చింది. పేపరుకు చెప్పింది చంపినవాళ్ళే.

నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నేను ఏజెన్సీ అంచున ఉన్న ఊళ్ళో పుట్టాను. మా నాన్నగారు కూడా పంతులే. సాయంత్రం పేపరు రాగానే అరుగుమీద కూర్చుని పైకి చదివేవారు, వీధివాళ్ళు వచ్చి వినేవాళ్ళు. 1970లో, నాకు ఏడేళ్ళు, ఒకరోజు “ఎదురుకాల్పుల్లో గుర్తు తెలియని ఇద్దరు మృతి” అన్న రెండు లైన్ల వార్త చదివి ఆగిపోయారు. ఆ ఇద్దరిలో ఒకడు ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడని ఊరందరికీ అప్పటికే తెలుసు. లెక్కలు బాగా చేసేవాడట. నాన్నగారు పేపరు మడిచి, “పేరు ఉన్నవాడేరా, గుర్తు తెలియకపోవడమేమిటి” అన్నారు. ఆ దారి మంచిదని ఆయన ఏనాడూ అనలేదు. ఆ కుర్రాడితో వాదించి వాదించి ఓడిపోయాననే చెప్పేవారు. ఆ పేపరు ముక్క మాత్రం ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికింది. మార్జిన్‌లో ఆయన దస్తూరీతో ఆ కుర్రాడి పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా, పదోతరగతి మార్కులు రాసి ఉన్నాయి.

ఆ ముక్క నేను దుబాయికి తెచ్చుకున్నాను. మొన్న చెల్లెమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు దాని సంగతి చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఏడుగురు పోలీసుల వార్త ఉంది. ఆమె కూడా మార్జిన్‌లో వాళ్ళ నాన్నగారి పేరు రాసుకుంది, చిన్నపిల్ల గుండ్రటి అక్షరాలతో. ఆ రెండు కాగితాలూ టీపాయిమీద పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.

అందుచేత మిత్రులకు నా విన్నపం. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్న వాదన మానమనను. మానితే మనం తెలుగువాళ్ళమే కాదు. లైబ్రరీ గదిలో కుర్చీలు వేసుకుని, టీ తాగుతూ, పొద్దుపోయేదాకా వాదించుకుందాం. కానీ శవాల ఫోటోలు మన బృందంలో పెట్టవద్దు. ఈ దేశపు చట్టం అలాంటి పంపకాలను ఎలా చూస్తుందో ఇక్కడ కాపురమున్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చట్టం సంగతి అటుంచండి. షూమన్ పంపిన కబురు చేతులుమారి ఎవరి దగ్గరికి తిరిగివచ్చిందో చూశారుగా. మనం వేలితో నొక్కి పంపేది ఎవరింటి తలుపు తడుతుందో మనకు తెలియదు.

ఫోటో పెట్టిన మిత్రుడికీ, పిడికిలి పెట్టిన మిత్రుడికీ ఈ వ్యాసం ముందే చూపించాను. ఒకాయన చదివి ఏమీ అనలేదు. రెండో ఆయన “నాన్నగారి పేరేమిటట?” అని అడిగారు. చెల్లెమ్మ అనుమతి లేదు గనక చెప్పలేదు. ఉగాదికి ఆమె వస్తానన్నది. పద్యాలు నేర్పడానికి పిల్లల్ని శుక్రవారం ఉదయం పది గంటలకు పంపమన్నది. పెద్దవాళ్ళు ఎవరైనా దింపడానికి వస్తే లోపలికొచ్చి కాఫీ తాగి వెళ్ళమన్నది. అందరినీ అన్నది.

వచ్చే నెల, జాడీ తెచ్చినాయన ఆవకాయలో వెల్లుల్లి ఉండాలా వద్దా అన్న తీవ్రమైన సమస్య. ఉత్తరాలు యథాప్రకారం సంపాదకుడిగారికి పంపగలరు.